ఎనుము నాలుక

మా పేట పార్కులో ఒక ఎనుము పండుకొని ఉంది. ఎనుమంటే ఆంధ్రదేశం వాళ్ళు గేదె అంటారు, బర్రె అంటారు. మా ముత్తాతలు ఈ అరవదేశానికి వచ్చేటప్పుడు ఏ మాట మూటగట్టుకొచ్చినారో అదే మాకు మిగిలింది. ఇది సిమెంటుతో చేసిన ఎనుము. గడ్డం నేలకు వాల్చి, నోరు తెరిచి, నాలుక బయటికి చాపి, కోయంబత్తూరు మొత్తం మేసినా నా కడుపు నిండదు అన్నట్టు చూస్తుంటుంది. పొద్దున్నే నడవడానికి వచ్చే మొగవాళ్ళు దాని వీపు మీద తువాళ్ళు ఆరేస్తారు. ఆడవాళ్ళు పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటారు. ఎవరు పక్కన నిలబడినా ఎనుమే బాగా పడుతుంది.

ఆ చాపిన నాలుక మా ఇంటి సన్నెకల్లు. మిక్సీలు రాకముందు పచ్చడీ మసాలా నూరుకునే పలకరాయి. అరవంలో అమ్మి అంటారు.

ఇంటి రాయి పార్కులో ఎనుము నోట్లోకి ఎట్లా పోయిందని చుట్టాలు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్పుకుంటుండారు. నాకు మతి చలించిందని ఒకరు, కార్పొరేషన్ వాళ్ళకు అమ్ముకున్నానని ఇంకొకరు. అందుకని నేనే రాస్తుండాను. నేను బడికి పోయింది మూడో క్లాసు దాకా, అదీ అరవ బడి. తెలుగు అక్షరాలు మా నాయన పొలం గట్టున మట్టిలో పుల్లతో గీసి నేర్పించినాడు, పలక కొనే పని లేకుండా. తప్పులుంటే ఆయన్నే అడగాలి. ఆయన పోయి చానా కాలమైంది.

పార్కు కాకముందు అది ఖాళీ స్థలం. మధ్యాహ్నం పూట ఊళ్ళో ఎనుములన్నీ ఆడ పండుకొని నెమరేసుకునేవి. తర్వాత ఎనుములు పోయినాయి, లేఅవుట్లు వచ్చినాయి. కార్పొరేషన్ వాళ్ళు కంచె వేసి, నడిచేదానికి రాళ్ళు పరిచి, ఇనుప వ్యాయామం సామాన్లు పెట్టినారు. వాటి మీద ఊగుతుండేవాళ్ళంతా ఇంట్లో రోలు జరపమంటే నడుము నొప్పి అనేవాళ్ళే. మధ్యలో కొంత జాగా మిగిలింది. కౌన్సిలర్ అక్కడ ఫౌంటెన్ పెట్టాలన్నాడట. మా కొళాయికే నీళ్ళు రావు, ఇక అది ఏం చిమ్ముతుందని ఆడవాళ్ళం పోయి అడిగినాము. అప్పుడు బొమ్మ పెడతామన్నారు.

బొమ్మ చేయడానికి ఉడుమలైపేట పక్క పిల్లోడు ఒకడు వచ్చినాడు. చెవికి పోగు, గడ్డానికి రబ్బరు బ్యాండు. నేను మొదటిసారి చూసినప్పుడు ఏదో మొక్కుబడి అనుకున్నాను. పట్నంలో శిల్పం చదువుకున్నాడట. వాడొక్కడే చేయడంట, మా కార్పొరేషన్ బడి పిల్లలతో కలిసి చేస్తాడంట. బడిలో పాఠం చెప్పేవాళ్ళు తక్కువైనప్పుడు ఇట్లాంటివి వస్తుంటాయి. మా పెద్ద కొడుకు కూతురు ఏడో క్లాసు. దాన్నీ చేర్చుకున్నారు. ఆ పిల్ల చదువులో మందం, మాటలో చురుకు. చెప్పిన పని సగంలో వదిలేసి ఇంకో పని సగం చేస్తుంది. అట్లా దాని రోజు గడిచిపోతుంది.

ఆ శిల్పి మొదట రెక్కలున్న చెయ్యి ఒకటి చేద్దామన్నాడట. ఆకాశం వైపు లేచే చెయ్యి. పిల్లలు అడిగినారట, చేతికి రెక్కలేంటికి సార్, అది ఏం తింటుంది అని. వాడు పిల్లల ఊహ, స్వేచ్ఛ అని ఏదో చెప్పినాడు. పిల్లలు విన్నారు. విని, ఎనుము చేద్దాం సార్ అన్నారు, ఇది దాని జాగానే కదా అని. వాడు ఒకరోజంతా ఆలోచించి ఒప్పుకున్నాడు. ఆ ఒక్క పనికి వాడి మీద నాకు కొంచెం మర్యాద.

ఒక సాయంత్రం మనవరాలు వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది.

"అవ్వా, మాస్టరు ప్రతి పిల్లా ఇంట్లో వాడని సామాను ఒకటి తేవాలన్నారు. ఎనుములో పెట్టి కడతారంట."

"మన ఇంట్లో వాడని సామాను లేదు."

"ఆ ఓటి ఇడ్లీ గిన్నె?"

"దాంట్లో వత్తులు పెట్టుకుంటాను."

"చెవి పోయిన బక్కెట్టు?"

"దాంట్లో కరేపాకు చెట్టు ఉండాది, కనపడలేదా?"

"తాత సైకిల్ బెల్లు?"

"అది మోగుతుంది."

"సైకిలే లేదు కదా అవ్వా."

"బెల్లు మోగుతుంది కదా."

దాని అమ్మ, అంటే నా కోడలు, పొయ్యి కాడ నవ్వు ఆపుకుంటుంది. నేను చూసినాను.

"అందరూ తెస్తుండారు. నేనొక్కదాన్నే చేతులూపుకుంటా పోవాలా?"

"పెరట్లో బట్టలుతికే చోట రాళ్ళు పడుండాయి. ఒకటి తీసుకుపో. గిన్నె మీద చెయ్యి పెట్టినావో, ఎనుములో నిన్ను పెట్టి కడతాను."

ఇదే నేను చెప్పింది. ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. సన్నెకల్లు వాడని రోజుల్లో దాని ముఖం పైకి పెట్టి ఉంచం. ఖాళీగా నోరు తెరుచుకొని ఉంటే ఇంట్లో తిండికి కరువొస్తుందని మా అత్త చెప్పేది. అందుకని ముఖం గోడకు తిప్పి, వీపు మనకు కనపడేట్టు ఆనిస్తాము. గ్రైండరు, మిక్సీ వచ్చినాక మా సన్నెకల్లు ఉతికే రాయి వెనక అట్లా గోడకు తిరిగి అలిగినట్టు నిలబడి ఉండిపోయింది. వెనక నుంచి చూస్తే నాచు పట్టిన మామూలు పలక. మనవరాలు పుట్టినాక దాని మీద ఎవరూ నూరింది లేదు. ఆ పిల్లకు అది రాయే. తన స్నేహితురాలి సైకిలు వెనక కట్టుకొని, తోసుకుంటా తీసుకుపోయింది. దాని మీద తోసి నూరే గుండ్రాయి, పొత్రం, మాత్రం వంటింటి తలుపుకు అడ్డంగా ఉండేది, కాబట్టి మిగిలింది.

ఆ పలక అరిగి అరిగి మధ్యలో గుంటపడి, కొస సన్నగా ఉండేసరికి, చూసీ చూడగానే శిల్పి, "ఇదిగో నాలుక" అన్నాడట. దాన్ని అమర్చే పనీ, ఆ దవడ కట్టే పనీ మా పిల్లకే ఇచ్చినాడు.

నాకు ఇవేమీ తెలియవు. ఇంట్లో పెళ్ళి గొడవలో ఉన్నాను. మా చిన్న కొడుకు మోటారు పంపుల పట్టరలో, అంటే వర్క్‌షాపులో, పని చేస్తాడు. మంచోడు, తాగడు, వెంట్రుకలు కొంచెం తక్కువ. పట్టరలో పని అనేసరికి పిల్లనిచ్చేవాళ్ళు కాఫీ తాగి పోయేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఊరూరి వాళ్ళకు మా ఇంట్లో కాఫీ పోసినాము. చివరికి చిన్నమనూరులో ద్రాక్షతోట వాళ్ళ పిల్ల సరే అంది. తాంబూలాలు మార్చుకున్నాము. ఉత్తరాయణంలో ముహూర్తం.

మా ఇంట్లో అడుగుపెట్టే కోడలు తాళి కట్టినాక మా సన్నెకల్లునే తొక్కాలి. దాని మీద కాలు పెట్టించి మొగుడు మెట్టెలు తొడుగుతాడు. మర్నాడు పొద్దున ఆ పిల్లే దాని మీద పసుపు కొమ్ము నూరాలి. మా అత్త తొక్కింది, నేను తొక్కినాను, పెద్ద కోడలు తొక్కింది. మాలో ఒకరికొకరికి సరిపడింది లేదు కానీ, ఇల్లు వదిలి పోయింది కూడా లేదు. నాకు దేవుడి మీద కంటే ఆ రాయి మీద నమ్మకం ఎక్కువ. దేవుడు ఎప్పుడూ ఒక పచ్చడి నూరి పెట్టింది లేదు.

పెళ్ళి దగ్గరికొచ్చినాక సన్నెకల్లు కడిగి పెట్టమని కోడలికి చెప్పినాను. పోయింది, వచ్చింది.

"అత్తా, ఆడ లేదు."

"కళ్ళు పెట్టి చూడు."

"పెట్టే చూసినాను. గోడ కనపడుతుంది."

నేను పోయి చూసినాను. గోడ కనపడింది. పాత సామాన్ల వాడి మీద అనుమానపడినాను. పక్కింటావిడ కొత్తగా మెట్టు కట్టించుకుంది, ఆ మెట్టు కింద వంగి చూసినాను. ఆవిడ ఏమి చూస్తుండావని అడిగితే చీమలు అన్నాను. రెండు రోజులు ఇంట్లో ఎవరినీ సరిగా తిననివ్వలేదు. మూడో రోజు దోసె తింటుంటే మనవరాలు నిదానంగా అడిగింది.

"అవ్వా, ఆ రాయికి మధ్యలో గుంట ఉంటుందా?"

"ఉంటుంది."

"ఒక పక్క సన్నంగా?"

"ఆమా."

ఇంకో ముక్క చట్నీలో ముంచుకొని తినింది. తర్వాత చెప్పింది.

"అది నాలుకైపోయింది."

పార్కుకు పోయినాను. చెప్పులు కూడా సరిగా తొడుక్కోలేదు. ఎనుము ముక్కాలు వాసి, అంటే మూడొంతులు, అయ్యింది. దాని వంటి నిండా పిల్లలు తెచ్చిన సామాన్లు: పగిలిన పెంకులు, గాజు ముక్కలు, టీవీ రిమోట్లు, ఎవరిదో పళ్ళసెట్టు కూడా. కొమ్ములు పాత పంపు పైపులు వంచి పెట్టినారు. నోట్లో మా సన్నెకల్లు, మా అత్త ముఖం ఎంత నున్నగా ఉండేదో అంత నున్నగా. శిల్పి ముక్కాలిపీట మీద కూర్చొని చెవి చెక్కుతుండాడు.

"ఆ నాలుక నాది," అన్నాను అరవంలో.

వాడు ముందు నా నోటి వైపు చూసినాడు.

"ఇంటిది. సన్నెకల్లు. మా కోడలు తొక్కాలి. ఊడదీసి ఇచ్చెయ్."

విషయం మొత్తం విన్నాడు. అరవంలో పాట్టీ, అంటే అవ్వా, అని పిలిచినాడు. వాదించలేదు. వాదిస్తే నాకు సులువుగా ఉండేది.

"తీసేస్తాను పాట్టీ. మిషను పెట్టి కోస్తే రాయి చెడకుండా వచ్చేస్తుంది. కానీ దాన్ని పట్టుకున్న ఇనుప కమ్మీలు దవడలోకి పోయినాయి. దవడ పోతుంది. దవడ పోతే మూతి నిలవదు."

"మళ్ళీ కట్టు."

"కట్టొచ్చు. పిల్లలకు పరీక్షలు వస్తుండాయి. వీళ్ళు మళ్ళీ రారు. నేనొక్కడినే కడతాను. అప్పుడు అది నా మూతి అవుతుంది, వీళ్ళది కాదు."

"ఎవరి మూతైనా మూతే."

"సరి పాట్టీ. మీ రాయి. ఎప్పుడు కోయాలో చెప్పండి."

పిల్లలంతా పని ఆపి చూస్తుండారు. మా పిల్ల మాత్రం ఆపలేదు. దవడకు తడి గోనెపట్ట కప్పి, చెంబుతో నీళ్ళు పోస్తుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే రెండు తగిలించి రాయి తెచ్చుకునేదాన్ని.

"ఏంటికే పోస్తుండావు?"

"ఎండితే పగులుతుంది అవ్వా."

"మూతి తీసేస్తారంట కదా. ఇంకేం పోసేది?"

"తీసేదాకా పోయాలి కదా."

ఇంట్లో గిన్నె కడగమంటే సబ్బు పూసి మరిచిపోయే పిల్ల. నేను దాన్ని చూసినాను. ఎనుమును చూసినాను. శిల్పికి రెండు రోజుల్లో చెప్తానన్నాను. ఇంటికి వచ్చేటప్పుడు తెలిసింది, రెండు కాళ్ళకూ వేరే వేరే చెప్పులు.

రాత్రి భోజనాల దగ్గర అందరూ తీర్పు చెప్పేవాళ్ళే. పెద్ద కొడుకు కొత్త సన్నెకల్లు కొనుక్కొస్తానన్నాడు.

"కొత్తది తొక్కితే వచ్చేది కూడా కొత్తగానే ఉంటుంది. అరగని రాయి మీద పసుపు నూరితే ఇసక వస్తుంది," అన్నాను.

కోడలు, "మండపంలోనే ఒకటి ఉంటుంది అత్తా, బాడుగలోనే కలిపిస్తారు," అంది.

"మండపం రాయి ఊళ్ళో అందరి కోడళ్ళూ తొక్కినది. వాళ్ళలో సగం మంది ఇప్పుడు పుట్టింట్లో ఉండారు."

పెళ్ళికొడుకు అన్నం కలుపుకుంటా అన్నాడు, "ఏ రాయైనా సరేమ్మా. ఆ పిల్ల మనసు మారకముందు కానివ్వండి."

మనవరాలు తిని లేచింది. కంచం కడిగి, బోర్లించి, గుడ్డతో తుడిచి మరీ పెట్టింది. అది నన్ను బెదిరించే తీరు.

రాయి పెళ్ళికి రాకపోతే పెళ్ళి రాయి దగ్గరికి పోవాలి. ఇంకో దారి నాకు కనపడలేదు. మేము మాట్లాడుకున్న మండపానికీ పార్కుకూ మధ్య ఒక వీధి, ఒక మెడికల్ షాపు, అంతే. కానీ పిల్ల తరఫు వాళ్ళు ఒప్పుకోవాలి. చిన్నమనూరుకు ఫోను చేసినాను. పెళ్ళికూతురి అవ్వ ఎత్తింది. నా ఈడుదే, నాకంటే గొంతు ఎక్కువ. సంగతి చెప్పినాను.

"ఏం వదినా, మా పిల్లను పట్టుకొని ఎమధర్మరాజు వాహనం నాలుక తొక్కమంటావా? పెళ్ళిపూటా?"

"ఎముడు ఎక్కితే వాహనం వదినా. ఎక్కనప్పుడు పాలిస్తుంది. మీ ఇంట్లో కాఫీకి పాలు ఎక్కడివి?"

"ప్యాకెట్టువి."

"ప్యాకెట్టులోకి ఎవరు పోసినారు?"

"అది వేరే."

"ఎముడు ఇంతవరకూ దాని మీద మీ వీధికి రాలేదా? వచ్చినప్పుడు పాలు మానేసినారా?"

ఈ లోపల ఫోను ఎవరో లాక్కున్నారు. పెళ్ళికూతురు.

"అత్తా, ఆ నాలుక ఎంత ఎత్తులో ఉండాది?"

"మోకాలికి కొంచెం కింద."

"నా బరువుకు విరగదు కదా?"

"మా మనవరాలు కట్టింది. నీళ్ళు పోస్తుండాది."

"జారుతుందా?"

"నూరి నూరి నున్నగైంది. చూసి పెట్టాలి."

"సరి అత్తా. చీర కొంచెం ఎత్తి కట్టుకుంటాను."

అంతే మాట్లాడింది. వెనకాల వాళ్ళ అవ్వ దేవుళ్ళ పేర్లన్నీ వరసగా పిలుస్తుండేది వినపడింది. ఈ పిల్ల మా ఇంట్లో నిలుస్తుందని నాకు అప్పుడే తోచింది. పైకి అనలేదు. కోడళ్ళను ముందే మెచ్చుకుంటే తర్వాత మాట వెనక్కి తీసుకోవడం కష్టం.

మర్నాడు పార్కుకు పోయి కోయవద్దని చెప్పినాను. పిల్లలు చప్పట్లు కొట్టబోతే, నా మాట పూర్తి కాలేదన్నాను. నాలుకకు రంగు వేయకూడదు. దాని మీద ఎవడూ కూర్చొని కురుకురే తినకూడదు.

మనవరాలు చేతిలో ఎర్ర రంగు డబ్బా పట్టుకొని ఉంది.

"రంగు లేకపోతే నాలుక అని ఎట్లా తెలుస్తుంది అవ్వా?"

"నోట్లో ఉంది కదా. ఇంకేమనుకుంటారు?"

"నల్ల నాలుక ఉంటుందా ఎనుముకు?"

"నేను పాలు పిండిన వాటిలో సగానికి నల్లగానే ఉండేది. ఎర్ర రంగు పూసిన నాలుక నేను సినిమాలోనే చూసినాను."

డబ్బా మూత పెట్టింది. ఆ రంగు తర్వాత ఎనుము గిట్టలకు పూసినారు. గోళ్ళరంగు వేసుకున్నట్టుంది. దాని మీద నేను ఏమీ అనలేదు. నా రాయి కాదు.

ఇక అయ్యవారు. అగ్నిహోత్రం ఎదురుగానే మెట్టెలు తొడగాలి, అగ్నిని వదిలి వీధిలోకి పోకూడదు అన్నాడు.

"అగ్ని ఏమన్నా మండపం గోడకు కట్టేసి ఉందా సామీ? బాణలిలో పెట్టుకొని రా. బాణలి నేనిస్తాను."

"ఇట్లా ఎవరూ చేయలేదమ్మా."

"మొన్న పెళ్ళిలో మంత్రం మధ్యలో నువ్వు ఫోనెత్తి ఇంకో పెళ్ళికి టైము చెప్పినావు. అది ఎవరు చేసినారు?"

బాణలి తీసుకున్నాడు.

మా పెళ్ళి ఊరేగింపు పార్కుకు వస్తుందని ఎట్లా తెలిసిందో, కౌన్సిలర్ బొమ్మ ప్రారంభోత్సవం కూడా అదే పొద్దున పెట్టుకున్నాడు. అంత జనం, సన్నాయి, డోలు, పూలు ఊరికే వస్తుంటే ఎవరు వదులుకుంటారు? మేము తాళి కట్టించి, బాణలిలో అగ్నితో, మెడికల్ షాపు వాడు షట్టరు సగం దించి దండం పెడుతుంటే, పార్కు గేటు దాటేసరికి ఎనుము కొమ్ముల నుంచి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. కౌన్సిలర్ కత్తెర పట్టుకొని నిలబడుండాడు. పెళ్ళికూతురే రిబ్బను కత్తిరించాలని ఆయన చేయి చాపితే, ఆ పిల్ల కత్తెర తీసుకొని, కత్తిరించి, మిగిలిన రిబ్బను చుట్ట చుట్టి నా చేతిలో పెట్టింది. పారేయలేదు. మా పెద్ద కోడలు ఇన్నేళ్ళలో ఒక్కసారి చేయని పని.

వ్యాయామం సామాన్ల మీద ఊగుతుండేవాళ్ళు దిగి వచ్చినారు. పిల్లలు ఎనుము వీపు మీద ఎక్కి కూర్చున్నారు. అయ్యవారు పొగకు దగ్గుతా మంత్రం మొదలుపెట్టినాడు, పక్కన కౌన్సిలర్ మైకులో పట్టణ సుందరీకరణ మొదలుపెట్టినాడు. రెండూ కలిసి ఏ దేవుడికి ఏది చేరిందో తెలియదు.

పెళ్ళికూతురు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది. మా చిన్నోడు పట్టుపంచెతో మోకాళ్ళ మీద కూర్చొని, పిల్ల కుడికాలు పట్టుకున్నాడు. మా మనవరాలు పట్టుపావడాతో ఎనుము దవడ పక్కన కూర్చొని, నాలుక కింద రెండు అరచేతులూ ఆనించి పట్టుకుంది.

"పెట్టు పిన్నీ. నేను పట్టుకున్నాను."

"నీ చేతులు తియ్యి పాపా, నలిగిపోతాయి."

"పోవు. ముందు నువ్వు పెట్టు."

పిల్ల కాలు పెట్టింది. మెల్లగా కాదు, మా ఊరి బస్సెక్కినట్టు. మెట్టెలు తొడిగినాడు. నాలుక కదల్లేదు. చిన్నమనూరు అవ్వ కళ్ళు మూసుకొని ఉంది. తెరిచి, తన మనవరాలు ఇంకా బతికే ఉందని చూసి, నా వైపు తిరిగింది.

"బాగుండాది వదినా," అంది. "ఎనుము మీ పోలిక."

నేను రిబ్బను కొంగున ముడేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే పసుపు నూరడానికి పోయినాము. నేను, ఇద్దరు కోడళ్ళు, మనవరాలు. పొత్రం నా చంకలో. వాచ్‌మన్ అడ్డం వచ్చినాడు.

"పాట్టీ, పార్కులో వంట చేయకూడదు. బోర్డు చూడండి."

"నాకు అరవం మూడో క్లాసు దాకానే. బోర్డులో పసుపు అని ఉందా?"

వాడు పోయి బోర్డు నిజంగానే మళ్ళీ చదువుకుంటా నిలబడినాడు. అంతలో మేము ఎనుము ముందు చేరినాము.

కొత్త కోడలు బాసింపట్టు వేసుకొని కూర్చుంది. పొత్రం చేతికిచ్చినాను. ఒకసారి తోసింది. పొత్రం వాలుగా దొర్లి గడ్డిలో పడింది. పసుపు కొమ్ము ఇంకో పక్కకు ఎగిరింది. ఈ నాలుక కొంచెం ముందుకు వాలి ఉంటుంది, అది శిల్పి పని. పిల్ల మళ్ళీ ఎత్తి మళ్ళీ తోసింది. మళ్ళీ గడ్డి. పెద్ద కోడలు ముఖం పక్కకు తిప్పుకుంది. దాని భుజాలు మాత్రం ఊగుతుండాయి.

"మా ఇంట్లో మిక్సీనే అత్తా," అంది చిన్నమనూరు పిల్ల.

"మా ఇంట్లో కూడా మిక్సీనే. జరుగు."

నేను కూర్చోవాల్సి వచ్చింది. నా మోకాళ్ళు కూర్చునేదానికి ఒప్పుకోవు. ఒప్పించినాను. కొమ్మును ముందు నీళ్ళలో ముంచి, రాయి గుంటలో పెట్టి, పొత్రం రెండు కొసలా పట్టుకొని, తోసేటప్పుడు బరువు మణికట్టు మీద కాదు, భుజం నుంచి రావాలని చూపించినాను. వాలు రాయి మీద ఎట్లా నూరాలో నాకూ కొత్తే. కిందికి తోసి, పైకి లాగేటప్పుడు నొక్కాలి, మామూలుగా నూరే దానికి తారుమారుగా. నాలుగు సార్లకు చేతికి తెలిసింది. పసుపు నలిగింది, రాయికి రంగు పట్టింది. అదే గుంట, అదే చప్పుడు. తర్వాత పొత్రం కొత్త కోడలికిచ్చినాను, దాని చేతుల మీద నా చేతులు పెట్టి తోయించినాను. ముద్ద అయ్యింది. మనవరాలు ఒక చెయ్యి నాలుక కొస కింద పెట్టి, కారే పసుపు నీళ్ళు పట్టుకుంటుంది. ఎవరూ చెప్పలేదు.

ఆ ముద్ద తాళికి పూసినాము. కొత్త కోడలు నా బుగ్గలకు కూడా పూయబోయింది. నాకేంటికే అన్నాను. పూసింది. పూయనిచ్చినాను.

అప్పుడు లేవాలి. కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం ఇంకో ఎత్తు. కోడళ్ళిద్దరూ చేతులు చాపినారు. వాళ్ళ చేతులు పసుపు, నా చీర తెల్ల చీర. మరక పడితే సబ్బు దండుగ. పక్కనున్న కొమ్ము పట్టుకున్నాను. నా బరువంతా దాని మీద వేసి, ఒక్కో మోకాలూ సర్దుకుంటా లేచినాను. కొమ్ము ఊగలేదు. తల కదల్లేదు. మూతి, దవడ, నాలుక, ఏదీ ఎక్కడా చిట్లలేదు.

"బాగానే కట్టినారు," అన్నాను.

మనవరాలు విననట్టే పోయి, మొక్కలకు నీళ్ళు పోసే తొట్టిలో చెంబు ముంచుకొచ్చి, నాలుక మీద పసుపంతా కడిగింది. కడిగి, గుంటలో నిలిచిన నీళ్ళను అరచేత్తో తోసేసి, పావడా అంచుతో తుడిచింది.

"పావడాతో కాదే," అన్నాను.

అప్పటికే తుడిచేసింది.